చూశానని సంతకం

 

మొన్న పౌర్ణమి వందన అయిపోయి చాపలు చుట్టి పెడుతుంటే మా వాడ అబ్బాయి ఒకడు ఇంటికి పోకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నెల్లూరులో ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చదువుతున్నాడు, ఏడాది కోర్సు. చదువుతో పాటు వారానికి మూడు రోజులు కృష్ణపట్నం వైపు ఒక ఫ్యాక్టరీలో, కాంట్రాక్టరు కింద శిక్షణ. నేను దీపం ఆర్పబోతుంటే అడిగాడు.

"అన్నా, చూడకుండా చూసినానని సంతకం పెడితే అది ఏ శీలం కిందికి వస్తాది? నాలుగోదా, మొదటిదా?"

పంచశీలలో నాలుగోది అబద్ధం ఆడకపోవడం. మొదటిది ప్రాణం తీయకపోవడం. ఇరవై ఏళ్లుగా ప్రతి వందనలోనూ ఆ అయిదూ నోటితో చెబుతున్నాను, పిల్లలతో చెప్పిస్తున్నాను. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నాకై నేను అడుగుకోనూ లేదు. ఆ రాత్రి వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల పుస్తకంలో దాని గురించే రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను. ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో, సినిమా హాళ్లలో గోడకు ఎర్ర సిలిండర్లు వేలాడుతుంటాయి, మీరందరూ చూసే ఉంటారు. ఒక్కోదాని మెడకు ఒక కార్డు కట్టి ఉంటుంది. కార్డు మీద నెల నెలకూ ఒక గడి. ప్రతి నెలా ఒక మనిషి ఆ సిలిండర్‌ని దించాలి. ముల్లు ఆకుపచ్చలో ఉందా ఎరుపులోకి పడిపోయిందా చూడాలి. పిన్ను, సీలు, గొట్టం చూడాలి. పొడి రకమైతే తలకిందులు చేసి కదిలించాలి, ఎందుకంటే కదలకుండా ఉంటే లోపల పొడి గడ్డకట్టి, అవసరమైన రోజున బయటికి రాదు. అన్నీ చూశాక గడిలో తేదీ వేసి సంతకం పెట్టాలి. మా అబ్బాయికి ఏం చేశారంటే, నలభై కార్డులు, ఒక పెన్ను ఇచ్చి టీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. టీ తాగేలోగా నలభై సంతకాలూ అయిపోవాలి. వాడు పెట్టేశాడు. ఆ సంగతి వాడే చెప్పాడు, దాచలేదు.

రెండు వారాల తరువాత ఇంకో కాగితం వచ్చింది. దాన్ని హాట్ వర్క్ పర్మిట్ అంటారు. మండే సరుకు ఉన్న చోట వెల్డింగ్ గానీ గ్యాస్ కటింగ్ గానీ చెయ్యాలంటే ముందు ఆ కాగితం నింపాలి. చుట్టుపక్కల నూనె, గుడ్డపీలికలు, చెత్త తీసేశారా, ట్యాంకులో మండే ఆవిరి లేదని మీటరు పెట్టి చూశారా, పక్కన సిలిండరు పట్టుకుని కాపలా మనిషి నిలబడ్డాడా, పని అయ్యాక కూడా అతను కొంతసేపు అక్కడే ఉంటాడా. ఇన్నీ చూసి సంతకం పెట్టాలి. 'గ్యాస్ పరీక్ష చేశాము' అన్న చోట అప్పటికే టిక్కు పెట్టి ఉంది. మీటరేమో బీరువాలో ఉంది. దాని బ్యాటరీ అయిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. ట్యాంకు మీదికి ఎక్కబోయే వెల్డరు ఒడిశా మనిషి. అతని సాయానికి నిచ్చెన పట్టుకునేది మన పక్క సంఘంలోని యానాది కుర్రాడు. మా వాడికి అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఆ చెయ్యి ఎందుకు ఆగిందో అర్థం కావాలంటే వాడు చదువుతున్నదేమిటో కొంచెం తెలియాలి. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ చదువు వైపు పోతున్నారు. బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఆ బోర్డులే: పది పాసైతే చాలు, గల్ఫులో ఉద్యోగం. ఐటీఐల్లో కూడా ఫైర్ టెక్నాలజీ అండ్ ఇండస్ట్రియల్ సేఫ్టీ మేనేజ్‌మెంట్ అని ఏడాది ట్రేడ్ ఉంది. తీరమంతా మారిపోయింది కదా. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైంది. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లతో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం వచ్చింది. దేశంలో మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి పేరు పెట్టుకున్న కేంద్రం అది. వాటి చుట్టూ వంటనూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలు, బొగ్గు గుట్టలు, గోదాములు. ఒకప్పుడు మనకు ఉప్పుమళ్లూ, సరుగుడు నరుకుడూ, కూలీ తప్ప ఏముంది? ఇప్పుడు మన పిల్లలకు హెల్మెట్లు వచ్చాయి. హెల్మెట్ కింద ఉన్న తలకు చదువు దొరికిందా లేదా అన్నదే ప్రశ్న.

వాళ్లకు నేర్పే మొదటి పాఠం చాలా చిన్నది. నిప్పు అనేది ఒక వస్తువు కాదు. మూడు కలిస్తేనే నిప్పు: మండేది, వేడి, గాలిలో ఉండే ఆక్సిజన్. మూడూ కలిశాక మంట తనను తాను నిలబెట్టుకునే గొలుసు చర్య నాలుగోది. వీటిలో ఏ ఒక్కటి తప్పించినా మంట ఉండదు. నీళ్లు పోస్తే వేడి పోతుంది. మూత పెడితే గాలి పోతుంది. పక్క గడ్డివాము లాగేస్తే మండేది పోతుంది. పొడి చల్లితే గొలుసు తెగుతుంది. అంతే చదువు. మిగతా ఏడాదంతా ఎక్కడ ఏది తప్పించాలి, ఏది తప్పించబోతే మనమే చస్తాం అన్నదే.

ఒక రోజు వాడు మా ఇంట్లో కూర్చుని చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. కాగిన నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదట. నీళ్లు నూనె కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరవుతాయి. ఒక చెంబు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 చెంబులంత చోటు కావాలి. ఆ ఆవిరి మండే నూనెను కప్పు దాకా ఎగజిమ్ముతుంది. పైన మూత పెట్టి, స్టవ్ ఆర్పి ఊరుకోవాలి. వంటింట్లో మా ఆవిడ ఆ మాట విని, "మరి ఇన్నాళ్లూ మేం చెంబు పక్కన పెట్టుకుని బజ్జీలు వేస్తున్నాం గదరా" అంది. బొగ్గు గుట్ట సంగతి ఇంకా వింత. దానికి ఎవరూ అగ్గిపెట్టక్కర్లేదు. గుట్టలోకి దూరిన గాలిని బొగ్గు మెల్లగా పీల్చుకుంటూ తనంతట తానే వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక పేరుకుంటుంది. కొన్నాళ్లకు లోపల నిప్పు. పైకి పొగ కనపడేసరికి లోపల ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అందుకే గుట్టను గాలి దూరకుండా అణగదొక్కుతారు, పాత బొగ్గు ముందు వాడేస్తారు, రోజూ వేడి చూస్తారు.

వాడు ఇది చెబుతున్నంతసేపూ నాకు గయాశీర్షం గుర్తుకొచ్చింది. తథాగతుడు ధమ్మం చెప్పడం మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే ఉరువేల, నదీ, గయా అనే ముగ్గురు కాశ్యప సోదరులను కలిశాడు. వాళ్లు జడలు కట్టుకుని అగ్నిని పూజించేవాళ్లు. వాళ్ల శిష్యులతో కలిపి వెయ్యి మంది అగ్నిపూజ మాని సంఘంలోకి వచ్చారు. ఆ వెయ్యి మందిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయన చెప్పిందే ఆదిత్త పరియాయ సుత్తం. కన్ను మండుతోంది, చెవి మండుతోంది, మనసు మండుతోంది, రాగంతో ద్వేషంతో మోహంతో మండుతోంది అన్నాడు. జీవితమంతా నిప్పుకు నెయ్యి పోసిన మనుషులకు నిప్పు గురించే చెప్పాడు, గమనించండి. అప్పటిదాకా వాళ్లకు నిప్పు దేవుడు. దేవుడికి కారణం ఉండదు, మొక్కడమే ఉంటుంది. ఆయన దాన్ని కారణాలున్న విషయంగా మార్చాడు. కారణం ఉన్నదాన్ని ఆర్పవచ్చు. పాళీలో ఉపాదానం అన్న మాటకు పట్టుకుని వేలాడటం అనీ అర్థం, నిప్పుకు వేసే కట్టె అనీ అర్థం. వచ్ఛగోత్రుడు వచ్చి ముక్తుడైనవాడు ఎక్కడికి పోతాడని అడిగితే, ఎదురుగా మండే మంట ఆరిపోతే అది ఏ దిక్కుకు పోయిందంటావు అని తిరిగి అడిగాడు. కట్టె అయిపోయింది, ఆరింది. అంతే. మన ఆంధ్రదేశంతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు కూడా తన మూలమధ్యమక కారికల్లో పదో ప్రకరణం మొత్తం నిప్పుకూ కట్టెకూ ఉన్న సంబంధం మీదే రాశాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బుద్ధుడికి ఆక్సిజన్ తెలుసని నేను అనడం లేదు. వేదాల్లో విమానాలు ఉన్నాయని చెప్పే వాళ్ల దారిన మనం పోకూడదు. ఆయనకు తెలిసింది ఒకటే, అది చాలు: ఇది ఉంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది. ప్రతీత్య సముత్పాదం అనే పెద్ద మాటకు అర్థం ఇదే. ఆక్సిజన్ పేరు కనిపెట్టింది తరువాతి వాళ్లు. అలా వెతకాలి అన్న బుద్ధి మాత్రం ఆయన ఇచ్చింది.

ఆ బుద్ధి లేకపోతే ఏమవుతుందో నేను చిన్నప్పుడు చూశాను.

నాకు పదేళ్లప్పుడు, రోహిణి కార్తెలో, మా వాడ తగలబడింది. అప్పుడు అన్నీ తాటాకు ఇళ్లే. మిట్టమధ్యాహ్నం, పడమటి గాలి విసిరి కొడుతోంది. ఒక్క గంటలో పదకొండు ఇళ్లు బూడిద. ఒక అవ్వ పెట్టె కోసం లోపలికి పోయి తిరిగి రాలేదు. ఆ పెట్టెలో ఏముందని తరువాత అడిగితే, మనవరాలి పెళ్లికి దాచిన రెండు చీరలన్నారు. సాయంత్రం మా పెద్దలు కూర్చుని తేల్చిందేమిటంటే, జాతరలో మొక్కు తప్పినందుకు అమ్మోరు కన్నెర్ర చేసిందని. ఊళ్లో వాళ్లు తేల్చింది ఇంకా చిన్నది: వాళ్ల కర్మ.

మా అబ్బాయి పాఠం విన్నాక నేను ఆ రోజును మళ్లీ ఒక్కొక్కటిగా చూసుకున్నాను. ఎవరో పొయ్యిలో బూడిద ఆరిందనుకుని పెంటదిబ్బ మీద పోశారు, లోపల కణిక ఉంది. అది వేడి. గాలి ఎలాగూ ఉంది. మండేది? ఇంటికీ ఇంటికీ మధ్య జానెడు సందు లేదు, ఒక చూరు ఇంకో చూరును ఆనుకుని ఉంది. ఎందుకు లేదు? మాకు ఇచ్చిన స్థలం అంతే. నూరు గడపలకు సరిపడే చోటులో రెండు వందల గడపలు. ఊళ్లో ఇళ్ల మధ్య దొడ్లున్నాయి, చెట్లున్నాయి, బండి తిరిగే బాట ఉంది. మా బాటలో ఫైరింజను దూరదు. మా బావి మే నెలలో ఎండిపోతుంది. రెండు వందల గజాల దూరంలో చేనులో బోరుంది, మోటారు ఉంది, ఆ పూట కరెంటు కూడా ఉంది. మోటారు గది తాళం రావడానికి చాలాసేపు పట్టింది. ఇన్ని కారణాలు వరసగా నిలబడి ఉంటే, వీటన్నిటి మీదా ఒక దుప్పటి కప్పి దానికి కర్మ అని పేరు పెట్టారు. మనం కూడా ఆ దుప్పటి అంచు పట్టుకుని లాగాం. బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఎందుకు అంత గట్టిగా తోసిపుచ్చాడో నాకు పుస్తకం చదివినప్పటికంటే ఈ లెక్క వేసుకున్నప్పుడు బాగా అర్థమైంది. పేదవాడి దుస్థితికి వాడి గత జన్మే కారణమంటే సమాజానికీ రాజ్యానికీ బాధ్యత తప్పిపోతుంది. అంతకంటే తేలికైన ఏర్పాటు ఇంకేముంటుంది?

నిప్పంటే మన జనానికి ప్రమాదం ఒక్కటే కాదు, అది జ్ఞాపకం కూడా. 1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమని అడిగిన పాపానికి 44 మందిని, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే, ఒక గుడిసెలో ఉండగా కాల్చి చంపారు. సరిగ్గా 41 ఏళ్ల ముందు, 1927లో అదే డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో మనుస్మృతిని కాల్చారు. మనవాళ్లు కాల్చింది కాగితాన్ని. ఒక్క మనిషి వెంట్రుక కూడా కాలలేదు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి పిల్లలకు చెప్పండి.

అయితే వీటివల్ల మన పిల్లల్లో కొందరికి ఒక సందేహం వస్తుంది. ఫైర్ సర్వీసులో చేరితే రేపు మనల్ని కాల్చినవాడి ఇల్లు అంటుకున్నా మనమే ఆర్పాలా అని. ఆర్పాలి. దీని మీద ఎక్కువ రాయను. 101కి ఫోను వస్తే ఎవరిదని అడగకుండా బయలుదేరే బండి ఒకటి ఈ దేశంలో ఉండటం మనకే ఎక్కువ అవసరం. ఆ రోజు మా వాడకు అలాంటి బండి రాలేకపోయింది.

ఇంకో తేదీ ఉంది, అది మనలో చాలామందికి తెలియదు. ఏప్రిల్ 14. ఆ రోజు దేశంలోని ప్రతి ఫైర్ స్టేషన్‌లోనూ అగ్నిమాపక దినం జరుపుతారు, అక్కడి నుంచి వారం పాటు వారోత్సవాలు. మన జయంతికీ దానికీ సంబంధం లేదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. దాంట్లో పత్తి బేళ్లూ, దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రీ ఒకే ఓడలో ఉన్నాయి. మధ్యాహ్నం పత్తిలోంచి పొగ వచ్చింది. ఆర్పడానికి వెళ్లిన వాళ్లు నీళ్లు కొడుతూనే ఉన్నారు, సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలింది, అరగంటకు మళ్లీ పేలింది. వందల మంది చనిపోయారు. వాళ్లలో 66 మంది ఫైర్‌మెన్. బాబాసాహెబ్‌కు ఆ రోజు 53 ఏళ్లు నిండాయి. అప్పుడాయన వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడు. ఆ ముందటి డిసెంబరులోనే ధన్‌బాద్ బొగ్గు గనుల్లోకి స్వయంగా దిగి కూలీలు పనిచేసే చోటు చూసి వచ్చిన మనిషి. 1946లో అభ్రకం గనుల కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చినప్పుడు కూడా కార్మిక శాఖ ఆయన చేతిలోనే ఉంది. మన గూడూరు, సైదాపురం గనుల్లో అభ్రకం తీసిన కూలీలకు పనికొచ్చిన చట్టం అది. కాగితం మీద సంతకం పెట్టేముందు దిగి చూడటం ఆయన పద్ధతి.

నాగపూర్ సంగతీ ఇలాంటిదే. 1956 అక్టోబరు 14న లక్షల మందితో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న ఊరిగానే మనకది తెలుసు. దేశానికంతటికీ ఫైర్ ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ కూడా ఆ ఊళ్లోనే ఉంది. 1956లోనే రాంపూర్‌లో మొదలై, మరుసటి ఏడాది నాగపూర్‌కు మారింది. దీక్షాభూమికి ఏటా బస్సులు కట్టుకుని పోతాం. ఆ కాలేజీ గేటు దాకా ఒక్క పిల్లవాడినైనా తీసుకుపోయామా?

(మా జయంతి పందిరి గురించి కూడా ఒక మాట. పోయిన ఏప్రిల్‌లో గుడ్డ పందిరి, థర్మకోల్ ద్వారం, అతుకుల వైర్లు, పందిరిని ఆనించి జనరేటరు, దాని పక్కనే డబ్బాలో డీజిలు. మా అబ్బాయి అది చూసి, "అన్నా, ఫోర్ట్ స్టికీన్ ఇట్లే ఉండి ఉంటాది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తరువాత జనరేటరు దూరంగా జరిపించాం.)

ఇక వాడి ప్రశ్న. వాడి స్నేహితుడొకడు, అదే కోర్సు వాడు, ఇలా వాదించాడట: బుద్ధుడు కర్మ అంటే చేతన అన్నాడు కదా, అంటే మనసులో ఉద్దేశం. నాకు ఎవరినీ చంపాలని లేదు. ఏమన్నా జరిగితే అది ప్రమాదం. సంతకం అబద్ధమే, ఒప్పుకుంటా, చిన్న అబద్ధం. కాబట్టి నాలుగో శీలమే, మొదటిది కాదు.

తెలివైన వాదన. మొదట నాకూ సరే అనిపించింది. కానీ ఉద్దేశం అంటే చంపాలన్న కోరిక ఒక్కటేనా? ఆ పర్మిట్ కాగితం దేనికుందో తెలిసినవాడు, మీటరు బీరువాలో ఉందని తెలిసినవాడు, పైన నిలబడింది మనిషని తెలిసినవాడు, తల పక్కకు తిప్పుకుని పెన్ను కదిలిస్తే ఆ తల తిప్పుకోవడం చేతన కాదా? ఏమీ తెలియని వాడు ఆ సంతకం పెడితే అబద్ధం వరకే. వీడు చదువుకున్నాడు. ఆవిరి ఎంత ఉంటే అంటుకుంటుందో లెక్క రాసి మార్కులు తెచ్చుకున్నాడు. చదువు శీలాన్ని బరువు చేస్తుంది. ఇది చాలామందికి నచ్చని మాట, కానీ నేను ఇలాగే అనుకుంటున్నాను. బాబాసాహెబ్ 1956లో బౌద్ధం తనకెందుకు ఇష్టమో చెబుతూ ప్రజ్ఞ, కరుణ, సమత అని మూడూ కలిపి చెప్పాడు. ప్రజ్ఞ ఉండి కరుణ లేని చోట ఆ టిక్కు పడుతుంది. కరుణ ఉండి ప్రజ్ఞ లేని చోట మండే నూనె మీద నీళ్లు పడతాయి.

అయితే ఇంతటితో ఆపితే నేను అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. ఎందుకంటే ఆ కాగితం ఎవరి చేతికి వచ్చిందో కూడా చూడాలి. బ్యాటరీ కొనని వాడు సంతకం పెట్టడు. పని త్వరగా కావాలన్న వాడు సంతకం పెట్టడు. నెలకు అయిదారు వేల శిక్షణ భత్యం మీద ఉన్న మన పిల్లవాడి ముందుకు పెన్ను తోస్తారు. రేపు ఏమన్నా జరిగితే విచారణలో కనపడేది ఆ పేరే. చచ్చిన గొడ్డును మోయించారు, మురికి ఎత్తించారు. ఇప్పుడు మురికి సంతకం మన చేతే పెట్టిస్తున్నారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో కారిన ద్రావణి ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. 2014 జూన్ 27న కోనసీమలో నగరం దగ్గర గ్యాస్ పైపు పగిలి, తెల్లవారుజామున ఊరి మీద పరుచుకున్న గ్యాస్ అంటుకుని ఇరవై మందికి పైగా పోయారు. నిద్రలో ఉన్నవాళ్లు, టీ కాచుకునేవాళ్లు. వాళ్లెవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టినవాళ్లు కాదు. సంతకాలన్నీ వేరే చోట జరుగుతాయి.

కాబట్టి ఒంటరిగా ఉన్న కుర్రవాడికి 'ధైర్యంగా ఉండరా, ధమ్మం నిన్ను కాపాడుతుంది' అని చెప్పి నేను ఇంటికి పోయి పడుకుంటే అది కూడా ఒక దొంగ సంతకమే. భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర పనులు చేసే కార్మికులకు, ప్రాణాపాయం ఉందనిపిస్తే నేరుగా యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కు చేర్చారు. మంచిదే. కానీ హక్కును వాడిన మరుసటి నెల ఇంటి అద్దె ఎవరు కడతారు?

ఆ రోజు వాడు ఏం చేశాడంటే, సంతకం పెట్టనని ఎదురు చెప్పలేదు. పెట్టాడు. పెట్టి, టిక్కు పక్కన చిన్న అక్షరాలతో 'గ్యాస్ పరీక్ష చేయలేదు, మీటరు పనిచేయడం లేదు' అని రాశాడు. ఆ మాట రాసిన కాగితంతో పని మొదలుపెట్టడానికి సూపర్‌వైజరుకు ధైర్యం చాలలేదు. ఆ పూట వెల్డింగ్ ఆగింది. వెల్డరు కూలి పోయింది, అతను మా వాణ్ణి తిట్టుకుంటూ పోయాడు. రెండు రోజుల తరువాత వాణ్ణి గేటు దగ్గర లారీల నంబర్లు రాసే పనికి మార్చారు. శిక్షణ సర్టిఫికెట్ ఇస్తారో లేదో ఇంకా తేలలేదు.

వాళ్లమ్మ మరుసటి ఆదివారం విహారానికి వచ్చింది. వందనకు కాదు, నా కోసం. కోర్సు ఫీజుకు ఆమె చెవి కమ్మలు కుదువలో ఉన్నాయి. "అన్నా, నువ్వేగా వాడికి శీలాలు నేర్పింది. సర్టిఫికెట్ రాకపోతే నీ శీలాలు మా ఇంట్లో బియ్యం పోస్తాయా? నలభై కార్డుల మీద పెట్టినోడు ఇంకొక్కటి పెడితే ఏమైపోయేది?" అంది. అందరి ముందూ అడిగింది. నేను తల వంచుకుని విన్నాను. ఆమె అడిగింది తప్పు కాదు. ఆ నిచ్చెన పట్టుకున్న కుర్రాడి తల్లి కూడా అక్కడే ఉంది, కానీ ఆమె ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి లేచి వెళ్లి ఈమె పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం సంఘం సభ్యులం కూర్చున్నాం. పౌర్ణమి డబ్బాలో ఉన్నదీ, జయంతి ఖర్చు పోగా మిగిలిందీ కలిపి కమ్మలు విడిపించడానికి సగానికి సరిపోయింది. ఆ సగం ఇచ్చాం. మిగతాది రెండు నెలల్లో. ఇద్దరు ముగ్గురు గొణిగారు, ఒకడికి చేస్తే అందరూ వస్తారని. వస్తే రానివ్వండి అన్నాను గానీ, డబ్బా ఎంత చిన్నదో నాకు తెలుసు. కోర్సు చదివే మిగతా అయిదుగురి పిల్లల్ని కూడా పిలిచాం. ఇలాంటి కాగితం వచ్చినప్పుడు ఒక్కడే నిర్ణయించుకోకుండా ఆ రాత్రే మాకు చెప్పమన్నాం. అర్జీ రాయాల్సి వస్తే సంఘం పేరుతో రాస్తాం. ఇది ఎంతవరకు నిలబడుతుందో చూడాలి.

నాలుగోదా మొదటిదా అన్నదానికి ఇప్పుడు నా జవాబు: పెన్ను ఎత్తినప్పుడు అది నాలుగోది. నిప్పురవ్వ రాలినప్పుడు మొదటిది. మధ్యలో ఉన్న కాలం మన చేతిలో ఉండదు. ఈ జవాబు వాడికి చెప్పాను. వాడు విని, "అయితే ఆ నలభై కార్డులో?" అన్నాడు. ఆ నలభై ఇంకా అక్కడే గోడలకు వేలాడుతున్నాయి, వాడి పేరుతో. గేటు పని మధ్యలో భోజనం వేళ రోజుకు రెండు మూడు దించి చూస్తున్నాడట, ఎవరూ చెప్పకుండానే. ఇప్పటికి పద్దెనిమిది అయ్యాయన్నాడు. నాలుగింటిలో ముల్లు ఎరుపులో ఉందట.

చివరిగా నా సంగతి కూడా ఒకటి రాయాలి, రాయకపోతే ఇదంతా రాసే అర్హత నాకు ఉండదు. మా విహారంలో బుద్ధుడి విగ్రహానికి కుడివైపు గోడకు ఒక ఎర్ర సిలిండర్ ఉంది. ఆరేళ్ల కిందట ఒక ఉపాసకుడు దానం ఇచ్చాడు. కార్యదర్శిగా ప్రతి సంవత్సరం దాతల సమావేశంలో, విహారంలో అగ్ని రక్షణ ఏర్పాటు ఉందని నేనే లెక్కల పుస్తకంలో రాసి సంతకం పెడుతున్నాను. ఆ రాత్రి అబ్బాయి మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని దించాడు. ముల్లు ఎరుపులో అడుగున ఉంది. తలకిందులు చేసి చెవి దగ్గర పెట్టుకుని కదిలించాడు. లోపల పొడి కదలలేదు, ముద్దగా ఒక్క చోట కొట్టుకుంది. నా చేతికిచ్చి నన్నూ కదిలించి చూడమన్నాడు.

దాని మెడకు కార్డు లేదు. మిఠాయి డబ్బా అట్ట చింపి, పురికోసతో కట్టి, వాడి జేబులో పెన్ను నాకిచ్చాడు. తేదీ వేసి, 'చూశాను. పనిచేయదు' అని రాసి సంతకం పెట్టాను.